గజేందర్ సేటు వ్యాను లైట్లు

పెర్కిట్ రోడ్డు మీద తన షెడ్డు ముందు వ్యాను ఆగినప్పుడు భూపతి తల ఎత్తలేదు. ట్రాక్టరు హెడ్‌లైటు విప్పుతున్నాడు. హారన్ మోగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగినా అతను ఆఖరి స్క్రూ ఊడదీసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ తర్వాతే అటు చూశాడు.

పొడుగాటి తెల్ల వ్యాను. రెండు పక్కలా బంగారు రంగు గీతలు. అద్దాలకు నల్ల ఫిల్ము. తలుపు తెరుచుకుంటే ముందు అత్తరు వాసన దిగింది, దాని వెనక గజేందర్ దిగాడు.

గజేందర్ ఆర్మూరులో పసుపు కొనే సేటు. వాళ్ల నాయన ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగి గోనెసంచుల్లో పసుపు కొన్నాడు. కొడుకు మార్కెట్ యార్డుకు ఎదురుగా రెండంతస్తుల గోదాము కట్టాడు. నలభై అయిదేళ్లకే పొట్ట మనిషికంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. ఎండ లేకపోయినా నల్లద్దాలు తియ్యడు. భూపతికి అతన్ని చూస్తే నవ్వు కూడా రాదు. నవ్వడానికి కూడా కొంత గౌరవం ఉండాలి.

"ఎట్లుంది భూపతన్నా బండి?"

"బండి లెక్కనే ఉంది."

"అరె, కారవాన్ అంటరు దీన్ని. హైదరాబాదుల సినిమావాళ్లు వాడింది. గీ సోఫా మీద హీరోయిన్లు కూసున్నరు, తెల్సా?"

"లేచి పోయిండ్రు గదా. ఇప్పుడు నువ్వు కూసుంటవు."

గజేందర్ నవ్వాడు. భూపతి మాటకు కోపం తెచ్చుకునేవాళ్లు వైరింగుకు వేరే షెడ్డుకు పోవాలి, వేరే షెడ్డులో చేసిన వైరింగు ఆరు నెలలు కూడా ఆగదు. ఆ సంగతి ఆర్మూరు, వేల్పూర్, భీమ్‌గల్ ట్రాక్టర్లవాళ్లందరికీ తెలుసు. భూపతి వేల్పూర్ బళ్లో ఏడో తరగతి వరకు చదివి, పదహారేళ్లకు లారీల కింద దూరాడు. ఇప్పుడు అరవై ఒకటి. ఆరేళ్ల కింద భార్య గంగామణి పోయింది. అప్పటినుంచి అతని నోట్లోంచి అవసరమైన మాట మాత్రమే వస్తోంది, అదీ తిట్టులాగానే వస్తోంది.

వ్యాను లోపలికి ఎక్కి చూశాడు. సోఫా, ముడిచే బల్ల, చిన్న ఫ్రిజ్జు, వెనక మంచం. ఒక పక్క నిలువుటద్దం, దాని చుట్టూ వరసగా చిన్న దీపాలు. స్విచ్చి వేశాడు. అద్దం ముందు తన చేతిని పెట్టి చూశాడు. గోళ్ల సందుల్లో గ్రీజు, ఎప్పటిదో కాలిన మచ్చ, ముడతల్లో నల్లటి గీతలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే కనబడ్డాయి. ముఖానికి రంగు వేసేవాళ్ల కోసం పెట్టిన దీపాలవి. ఎండలో కనబడే రంగే లోపలా కనబడాలి, లేకపోతే వాళ్ల పని చెడుతుంది. ఖరీదైనవి. ఒక్కటి కూడా పోలేదు.

"గివన్ని తీసెయ్" అన్నాడు గజేందర్ వెనకనుంచి. "కొత్తయి పెట్టాలె."

"మంచిగున్నయి గదా."

"నాకొద్దు."

"పగటిపూట బండ్ల లైట్లెందుకు? కర్టెన్లు గుంజితే ఎండ రాదా?"

"ఏసీ సల్లదనం పోతది. కర్టెన్లు తీసుడే లేదు." గజేందర్ సోఫాలో కూలబడి తన ఉపాయం చెప్పాడు. "యార్డుకు రైతు ఇగ వచ్చుడు లేదు అన్నా. బండి కిరాయి లేదు, హమాలీ లేదు, ఎండల పడిగాపులు లేవు. నేనే ఊరికి పోత. రైతు గిట్ల ఎక్కాలె, గీ సోఫాల కూసోవాలె, చాయ్ తాగాలె, సరుకు సూపియ్యాలె, ఇచ్చి పోవాలె. మస్తుంది గదా?"

"మస్తుంది" అన్నాడు భూపతి. ఏసీలో కూర్చోబెట్టి ఒక కప్పు చాయ్ పోస్తే ఈ జనం తమ చేలను కూడా మడతపెట్టి చేతిలో పెడతారని అతనికి తెలుసు. రైతుల మీద అతనికి సేటు మీద ఉన్నంత గౌరవమే ఉంది.

గజేందర్ కోరికల చిట్టా విప్పాడు. పైకప్పుకు నక్షత్రాల్లా మెరిసే లైట్లు కావాలి. సోఫా కింద నీలం లైటు కావాలి. రిమోటు నొక్కితే రంగులు మారాలి. నడుమ అద్దాల షాండ్లియరు వేలాడాలి.

"షాండ్లియరా? ధర్పల్లి తొవ్వల రెండు గుంతలు దాటినంక అది నీ నెత్తి మీదుంటది."

"సరే, అదొద్దు. సన్న వైరు ఎయ్యి, ఖర్చు తక్కువైతది."

"ఇంట్ల కరెంటు గాదు సేటూ ఇది. బ్యాటరీది, పన్నెండు వోల్టులు. ముసలోని లెక్క. సన్న తొవ్వల నడిపిస్తే కొస దాక రానే రాడు, నడుమలనే కూలబడ్తడు. ముందర లైటు మండుతది, ఎనక లైటు మిణుకుమంటది, వైరు మాత్రం కుతకుత ఉడుకుతది. లావు వైరు ఏస్త. ఇష్టం లేకుంటే బండి తీస్కపో."

బండి తీసుకుపోలేదు. మర్నాడు ఇద్దరూ బస్టాండు వెనక నసీర్ దుకాణానికి లైట్లు కొనడానికి పోయారు.

నసీర్ బ్యాటరీ లైట్ల వ్యాపారం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయింది. కౌంటరు మీద ఒక బ్యాటరీ పెట్టి, ఒక్కొక్క లైటు పట్టీ వైర్లు తగిలించి చూపిస్తున్నాడు.

"ఇది దేఖో సేట్. ఎర్రగ, ఎచ్చగ ఉంటది. హోటళ్లోళ్లు తీస్కపోతరు. దీని కింద నిన్నటి బిర్యానీ గూడ ఇయ్యాల్టి లెక్క కొడ్తది."

"ఇంకోటి?"

"గిది తెల్లది. దవాఖానలల్ల పెడ్తరు. గిది నడిమిది, ఇంట్లకు మంచిది. కండ్లకు సుఖం."

భూపతి ఆ నడిమి రకాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు. అతికింపు గట్టిగా ఉంది, వేడి పోవడానికి అల్యూమినియం పట్టీ ఉంది. మనుషులు కూర్చునే చోటికి ఇదే సరైనది. ఆ మాట చెప్పబోతుంటే గజేందర్ జేబులోంచి ఒక పసుపు కొమ్ము తీశాడు.

వేళ్ల మధ్య పెట్టి ఫట్‌మని విరిచాడు. పసుపు కొనే మనిషి కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. ఆ రంగును బట్టే ధర. ఈ జిల్లాలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. కాని లైట్ల దుకాణంలో కొమ్ము విరిచే మనిషిని భూపతి అప్పుడే చూశాడు.

గజేందర్ విరిచిన ముక్కను బిర్యానీ లైటు కింద పెట్టాడు. బంగారంలా వెలిగింది. నడిమి లైటు కింద పెట్టాడు. ఉన్నట్టే ఉంది. దవాఖాన లైటు కింద కొంచెం పాలిపోయింది. అతని చూపు కౌంటరు చివర ధూళి పట్టిన ఒక కట్ట మీద పడింది.

"గదేంది?"

"అది ఒద్దు సేట్. సస్తా మాల్. రంగులు సక్కగ సూపియ్యదు. చీరల దుకాణపోళ్లు తీస్కపోయి వాపస్ తెచ్చిండ్రు. ఎర్ర చీర మట్టి లెక్క కనబడ్తదని ఒకటే లొల్లి."

"పెట్టు సూస్త."

నసీర్ వైర్లు తగిలించాడు. తెల్లగా, కళ్లలో సూదులు గుచ్చినట్టు మండింది. దాని కింద పసుపు ముక్క ఎండిపోయిన నిమ్మతొక్కలా, మూడేళ్లు గోదాములో పడి ఉన్న సరుకులా కనబడింది. గజేందర్ మొదటిసారి నల్లద్దాలు తీశాడు. ముక్కను ఎత్తాడు, దించాడు, తిప్పాడు. అతని మీసాల కింద నవ్వు మెల్లగా పాకింది.

"గిదే కావాలె."

"సేట్..."

"గా బిర్యానీ లైటు గూడ కావాలె. రెండు వేరే లైన్లు. నా కాడ కొనే సాంగ్లీ సేట్లు వచ్చినప్పుడు అది, మిగతప్పుడు గిది. స్విచ్చి బల్ల కింద, నా మోకాలు కాడ పెట్టన్నా."

ఫోను మోగితే మాట్లాడుతూ బయటికి పోయాడు. నసీర్, భూపతి ఒకరినొకరు చూసుకున్నారు.

"సమజైందా భాయ్?"

"అయింది."

"పెడ్తవా?"

"నువ్వు అమ్ముతవా?"

"నేను దుకాందార్‌ను."

"నేను మిస్త్రీని."

ఇద్దరికీ సరిపోయింది. నసీర్ కట్ట మీది ధూళి దులిపాడు.

భూపతికి ఆ రోజంతా గంగామణి గుర్తుకొచ్చింది. పెళ్లయిన కొత్తలో కౌలుకు తీసుకున్న ఎకరంలో వాళ్లూ పసుపు పండించారు. అమ్మడానికి పోతే అప్పటి సేటొకడు రేకుల షెడ్డు లోపల, చీకటి మూలలో కూర్చుని కొమ్ము విరిచి పెదవి విరిచాడు. గంగామణి ఆ ముక్కను సేటు చేతిలోంచి లాక్కుని ఒక్క మాటయినా మాట్లాడకుండా ఎండలోకి నడిచింది. అక్కడ నిలబడి చూసుకుని తిరిగొచ్చి తన ధర చెప్పింది. ఆ ధరకే అమ్మింది. ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎండ అందరిదీ. అందులోకి నాలుగడుగులు వెయ్యలేని వాళ్లకు ఎవరైనా ఏం చెయ్యాలి? ఇలా అనుకుని భూపతి పాత దీపాలన్నీ విప్పి ఒక అట్టపెట్టెలో వేసుకున్నాడు. పని మొదలుపెట్టాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఎంకవ్వ వచ్చింది. గంగామణి చెల్లెలు. వేల్పూర్‌లో రెండెకరాల చేను ఒక్కతే చేసుకుంటుంది. మొగుడు భివండీ మగ్గాల మీద పనికని పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అతని పేరు ఎవరూ ఎత్తరు.

"డబ్బా ఇయ్యి బావా" అంది గుమ్మంలోనే నిలబడి.

అది గంగామణి ఉన్నప్పటి స్టీలు డబ్బా. ఏటా పంట చేతికొచ్చే వేళ ఖాళీ డబ్బా వేల్పూరుకు పోతుంది. కొత్త పసుపు ఆడించాక నిండి తిరిగొస్తుంది. అక్క పోయినా ఎంకవ్వ ఆ అలవాటు మానలేదు. ఒంటిగాడికి అంత పసుపు ఎందుకని భూపతి ఏటా విసుక్కుంటాడు. ఏటా డబ్బా మాత్రం కడిగి సిద్ధంగా పెడతాడు.

డబ్బా కొంగులో చుట్టుకుని ఆమె వ్యాను చుట్టూ తిరిగింది.

"గజేందర్ సేటుదేనా? మా ఊరికొస్తదంటున్నరు. నువ్వే చేస్తున్నవా?"

"ఊఁ."

"బావా, బోరు ఎండింది. మిరుగు కార్తె లోపల కొత్త బోరు ఎయ్యకుంటే వచ్చేటి యేడు పసుపు లేదు. చేను సేటుకే కౌలుకిచ్చి నా చేన్ల నేనే కూలికి పోవాలె. ఈ పద్దెనిమిది సంచులే ఉన్నయి నాకు. గీ వ్యానుల అమ్మాల్నా, నిజామాబాదు తీస్కపోవాల్నా? కిరాయి దండుగ అంటున్నరు అందరు."

భూపతి చేతిలో ఆ సస్తా లైటు పట్టీ ఉంది. దాన్ని పైకప్పుకు ఆనించి పట్టుకుని ఉన్నాడు.

"నీ పంట, నీ ఇష్టం."

"అది గాదు, నువ్వేమంటవు?"

"నన్నెందుకు అడుగుతున్నవు? యాభై రెండేండ్లు వచ్చినయి. పసుపు నేను పండిచ్చిన్నా?"

ఆమె కొంగులో డబ్బా సర్దుకుని, "కోపమెందుకు, అడిగితే" అని పోయింది. అక్కకు ఉన్న తెలివిలో పావు వంతు కూడా రాలేదు దీనికి, అనుకున్నాడు భూపతి. పట్టీని అతికించి నొక్కాడు. గట్టిగా పట్టుకుంది.

పని బాగా కుదిరింది. లావు వైరు, గట్టి జాయింట్లు. ముందు లైటు ఎంత మండుతుందో చివరి లైటు అంతే మండుతుంది. ఫ్యూజుల డబ్బా తలుపు పక్కన, మెట్టు మీద కూర్చుంటే చెయ్యి అందేటట్టు పెట్టాడు. బల్ల కింద స్విచ్చి మోకాలితో తడితే చాలు. ఆర్మూరులో ఇంత శుభ్రమైన వైరింగు ఎవడూ చెయ్యలేడు. ఆ పని చూసుకుంటే అతనికి సంతోషంగానే ఉంది. అది ఎందుకోసమో ఆలోచించకుండా ఉంటే చాలు.

"మొదటి దినం నువ్వు గూడ రావాలె అన్నా" అన్నాడు గజేందర్. "జనం ముందర లైటు గిట్ల ఆగితే ఇజ్జత్ పోతది."

అలా భూపతి వేల్పూరుకు పోయాడు. వ్యాను బళ్లు ఆగే జాగాలో నిలిచింది. పొద్దున పది కాకముందే ట్రాలీలు, ఆటోలు, సంచులు, జనం. భూపతి తలుపు దగ్గర లోపలి మెట్టు మీద కూర్చున్నాడు. రైతులు ఒక్కొక్కరే పైకి ఎక్కుతున్నారు. ఎక్కే ముందు ప్రతివాడూ చెప్పులు కింద విడిచాడు, గుళ్లోకి పోతున్నట్టు. ఎవరూ విడవమనలేదు. సోఫా అంచు మీద, అది విరిగిపోతుందేమో అన్నట్టు కూర్చున్నారు. చాయ్ కప్పును రెండు చేతులా పట్టుకున్నారు.

ముందుగా భూమయ్య ఎక్కాడు. డెబ్బై ఏళ్ల మనిషి, యాభై ఏళ్లుగా పసుపు తప్ప వేరే పంట తెలియదు. తెల్ల ప్లేటులో తన కొమ్ములు పెట్టాడు. గజేందర్ ఒకటి ఫట్‌మని విరిచి లైటు కింద పెట్టాడు. నాలుక చప్పరించాడు.

"రంగు లేదు పటేలా."

భూమయ్య వంగి చూశాడు. ముక్క నిమ్మతొక్కలా ఉంది. అతని ముఖం కూడా ఆ లైటు కింద అలాగే ఉంది.

"గీసారి వానలు ఎక్కువైనయి సేటూ" అన్నాడు మెల్లగా.

తర్వాత వచ్చినవాడు విత్తనం మంచిది దొరకలేదన్నాడు. ఆ తర్వాతివాడు పాలిష్ పట్టినవాడిని తిట్టాడు. సేటు కారణం వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. వాళ్లే తలొక కారణం తెచ్చి ప్లేటులో పెడుతున్నారు. ముక్కను చూశారు, సేటును చూశారు, చాయ్ కప్పులోకి చూశారు. నెత్తి మీద ఏముందని ఒక్కడు తల ఎత్తలేదు. భూపతి చూస్తూ కూర్చున్నాడు. పుట్టినప్పటినుంచి ఎండలో పని చేస్తారు, ఎండ నాలుగడుగుల దూరంలో ఉంది, ఒక్కడికి కాళ్లు రావు. ఇటువంటివాళ్లను మోసం చెయ్యడానికి ఇంత ఖర్చుపెట్టి వ్యాను కొన్న గజేందర్ కూడా వెర్రివాడే.

పదకొండు గంటలకు ఎంకవ్వ ఎక్కింది.

చెప్పులు విడిచి, మెట్టు మీద అతని భుజం తగలకుండా ఒదిగి లోపలికి పోయింది. పోతూ, "తిన్నవా బావా?" అంది. అతను తలాడించాడు. ఆమె సోఫాలో నిటారుగా కూర్చుంది. చాయ్ వద్దంది. కొంగులోంచి కొమ్ములు తీసి ప్లేటులో పోసింది. వేలి లావున, గుండ్రంగా, బరువుగా ఉన్నాయి. ఆ చప్పుడు వింటేనే మంచి సరుకని భూపతికి తెలిసింది.

గజేందర్ విరిచాడు. లైటు కింద పెట్టాడు. మాట్లాడలేదు. అతనికి పని అలవాటయింది. ఊరికే ఉంటే చాలు.

ఎంకవ్వ వంగి చూసింది. ఇంకో కొమ్ము తనే విరిచింది. ఇంకోటి విరిచింది. మూడు ముక్కలూ ఒకేలా పాలిపోయి ఉన్నాయి.

"గిట్లెందుకున్నది?" అంది. "ఇంటికాడ గిట్ల లేకుండె."

"ఇంటికాడ అందరి పసుపు మంచిదే అక్కా."

ఆమె వేళ్లు ముక్కల మీద ఆడాయి. నలభై ఏళ్లు పసుపు తవ్విన వేళ్లు. ఆ వేళ్లకు తెలుసు, కళ్లు ఒప్పుకోవడం లేదు. కాసేపటికి వేళ్లే ఓడిపోయాయి.

"ఉడుకు తక్కువైందేమో. కట్టెలు జర తడిసినయి. పొయ్యి కాడ నేనే ఉన్న. నాదే తప్పు." సేటు ముందు సిగ్గుపడుతున్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గజేందర్ ధర చెప్పాడు. యార్డు ధరకంటే క్వింటాలుకు రెండు వేలు తక్కువ.

"గీ ధరకు బోరు పడది సేటూ."

"బోరెందుకక్కా ఈ ఎండల్ల? చేను నాకియ్యి. కౌలు ఇస్త. నీకు ఏ ఫికర్ ఉండది."

ఆమె తల తిప్పి ఒక్కసారి భూపతి వైపు చూసింది. భూపతి ఫ్యూజుల డబ్బా వైపు చూస్తున్నాడు. లేచి బయటికి పో, అని లోలోపల అంటున్నాడు. అక్క లేవలేదా? నాలుగడుగులు. ముక్క పట్టుకుని లే. లే.

"సరే" అంది ఎంకవ్వ.

భూపతి ఫ్యూజు పీకాడు.

లోపల చిమ్మచీకటి అయింది. ఏసీ చప్పుడు మాత్రం వస్తోంది. "ఏయ్ మిస్త్రీ! ఏమైంది?" అని గజేందర్ అరిచాడు. భూపతి లేచి కాలితో తలుపు తన్నాడు. రెండు అడుగులు లోపలికి వేసి బల్ల పక్కనున్న నల్ల కర్టెను పట్టి లాగాడు. కొక్కాలు ఊడి కర్టెను చేతికొచ్చింది. కిటికీ రెక్కను కొసదాకా తోశాడు.

ఏప్రిల్ ఎండ ప్లేటు మీద పడింది.

మూడు ముక్కలూ గుమ్మడిపండు లోపలి రంగులో ఉన్నాయి. అంచుల దగ్గర ఎరుపు తిరిగి ఉన్నాయి. ఉడుకు ఎక్కడా తగ్గలేదు.

ఎంకవ్వ కదల్లేదు. ముక్కల వైపు చూసింది. పైకప్పు వైపు చూసింది. మళ్లీ ముక్కల వైపు చూసింది. తర్వాత కొమ్ములన్నీ కొంగులోకి ఎత్తుకుని, ఒక్కటి కూడా వదలకుండా, మెట్లు దిగి ఎండలోకి పోయింది. చెప్పులు వేసుకోవడం మరిచింది.

"ఫ్యూజు పెట్టు" అన్నాడు గజేందర్.

"నువ్వే పెట్టుకో."

"నీ యవ్వ, నా బండ్ల కూసొని నాకే చేస్తవా? మరదలని చేస్తున్నవా ఇదంత?"

భూపతి కర్టెనును సోఫా మీద పడేసి మెట్లు దిగాడు. సేటు అడిగిన దానిలో అబద్ధం లేదు. అదే అతనికి నచ్చలేదు.

బయట జనం ఎంకవ్వ చుట్టూ మూగారు. ముక్క చేతులు మారుతోంది. ఎవరో తన సంచిలోంచి ఒక కొమ్ము విరిచి చూసుకుంటున్నాడు. భూమయ్య కూడా ఒక ముక్క పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. అతని సంచులు అప్పటికే సేటు లారీ ఎక్కి తాళ్లు బిగించుకున్నాయి. లారీ వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు.

ఎంకవ్వ జనాన్ని తోసుకుని భూపతి దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"గా లైట్లు ఎవరు పెట్టిండ్రు బావా?"

"నేనే."

"గిట్ల సూపిస్తయని ఎరుకనా నీకు?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"కొన్ననాటి సంది."

"నేను డబ్బాకు వచ్చిననాడు ఎరుకే గదా?"

"ఎరుకే."

"అడిగిన గదా నిన్ను."

భూపతి చేతిలో ఇంకా ఫ్యూజు ఉంది. దాన్ని తిప్పుతున్నాడు. "ఎండల చూసుకోవాలె గదా" అన్నాడు. "మీ అక్క చూసుకున్నది. నీకు కండ్లు లేవా?"

"ఉన్నయి. నువ్వు గా మెట్టు మీద కూసున్నవు గదా, బావ ఉన్నంక ఏం ఫికర్ అని ఎక్కిన. నువ్వు లేకుంటే గీ బండి ముఖం నేను చూద్దునా?"

చాలా ఏళ్ల తర్వాత, అతనికి మంచి మాట ఒకటి చేతనైతే బాగుండును అనిపించింది.

"తీసిన గదా ఫ్యూజు" అన్నాడు.

"నాది గాబట్టి తీసినవు. భూమయ్య పెద్దయ్యది పోయినప్పుడు ఏం చేసినవు?"

ఆమె వెళ్లి చెప్పులు వేసుకుంది. ఆటో ట్రాలీవాడిని పిలిచి, నిజామాబాదు యార్డుకు కిరాయి ఎంతని అడిగింది. పద్దెనిమిది సంచుల్లో చివరిది ఎక్కేదాకా దగ్గరుండి ఎక్కించింది. ట్రాలీ కదిలేటప్పుడు భూపతి రోడ్డు పక్కనే ఉన్నాడు. ఆమె ఎదురుగా రోడ్డునే చూస్తూ పోయింది.

గజేందర్‌కు సిగ్గు లేదు కాబట్టి నష్టం కూడా లేదు. వారం రోజుల్లో ఇంకో మిస్త్రీని పెట్టుకుని కర్టెన్లు మళ్లీ కుట్టించి అదే లైట్లతో భీమ్‌గల్ వైపు పోయాడు. వేల్పూర్ సంగతి అక్కడివాళ్లూ విన్నారు. విని కూడా వ్యాను ఎక్కారు. చెప్పులు కింద విడిచి మరీ ఎక్కారని నసీర్ చెప్పాడు.

"ఎంకవ్వకు బోరు పడ్డది భాయ్" అని కూడా నసీరే చెప్పాడు. "యార్డుల మంచి ధర వచ్చిందట. నీళ్లు గూడ మస్తు పడ్డయట. నీకు చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాడు భూపతి.

మిరుగు దాటిన రెండో వారంలో వేల్పూర్ ఆటోవాడు షెడ్డు ముందు ఆగి స్టీలు డబ్బా చేతికిచ్చాడు. తేలిగ్గా ఉంది. భూపతి మూత తీశాడు. లోపల ఏమీ లేదు. కడిగి, తుడిచి, ఆరబెట్టి పంపింది. పాత పసుపు వాసన కూడా మిగల్లేదు.

ఆ సాయంత్రం కిరాణా దుకాణంలో పసుపు పొట్లం కొన్నాడు. వ్యానులోంచి తీసిన దీపాల్లో ఒకటి షెడ్డులో బల్ల మీద బిగించుకున్నాడు, సన్న పని చెయ్యడానికి. పొట్లం కత్తిరించి ఆ దీపం కింద కొంచెం పోసుకుని చూశాడు. పిండి కలిసి ఉంది. పైపై రంగు. పొట్లం మీద మాత్రం పట్టుచీర కట్టిన ఒక ఆడమనిషి నవ్వుతోంది. కూరలో అదే వేసుకున్నాడు.

మరుసటి ఏడాది పసుపు తవ్వకాలు మొదలవగానే డబ్బా కడిగి, వేల్పూర్ ఆటోవాడి చేతికిచ్చి పంపాడు. చీటీ పెట్టలేదు. చెప్పి పంపడానికి మాట కూడా ఏమీ తట్టలేదు.

నెల తర్వాత డబ్బా తిరిగొచ్చింది. మూత గట్టిగా బిగించి ఉంది. తియ్యడానికి స్క్రూడ్రైవరు కావాల్సి వచ్చింది. లోపల ఖాళీ.